మట్టి మిద్దెకు మనిషే కాపు

ఆనెగుందిలో మట్టి మిద్దె ఉన్నవారికి మృగశిర కార్తె లోపల ఒక పని తప్పదు. మిద్దె ఎక్కి, పోయినేడు వానలకు ఎక్కడెక్కడ బీటలిచ్చిందో చూసుకుని, తోలించుకున్న చౌడు మన్ను కొత్తగా పరిచి, దిమ్మిసతో కొట్టి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేయాలి. ఒక ఏడాది మానేస్తే ఇల్లు ఓర్చుకుంటుంది. రెండేళ్లు మానేస్తే మూలనున్న దంతె నానుతుంది. ఆ పైన దూలం వంగుతుంది. ఒకనాటి రాత్రి వానకు పడసాలలో నిలబడితే ఆకాశం కనబడుతుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న వారసులకు కబురు ఫోనులో పోతుంది. "సరే, పండక్కి వచ్చినప్పుడు చూద్దాం లే" అంటారు. ఆ పండగ రాదు. పాత ఊళ్లలో పాత ఇళ్లు పోయే తీరు ఇదే. శత్రువులొచ్చి కూలగొట్టక్కర్లేదు. మనుషులు లేకపోతే చాలు.

తుంగభద్రకు దక్షిణాన హంపి, ఉత్తరాన ఆనెగుంది. హంపి ఇప్పుడు విజయనగర జిల్లాలోకి వస్తే, ఆనెగుంది కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలో ఉంది. విజయనగరం పుట్టకముందే ఉన్న ఊరిది. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అటుపైన చంద్రగిరికి, వేలూరుకు తరలిపోయినా ఆనెగుంది ఊరుగానే మిగిలింది. ఆరవీటి వంశీకులమని చెప్పుకునే రాజకుటుంబం ఇప్పటికీ ఈ ఊరిదే. గగన్ మహల్, రంగనాథుని గుడి, కోట వాకిళ్లు, వాటి పక్కనే గేదెలు కట్టేసిన కొట్టాలు, అరుగుల మీద ముచ్చట్లు. హంపిలో జనం వెళ్లిపోగా రాళ్లు మిగిలాయి. ఇక్కడ రాళ్ల మధ్య జనం ఉంటూనే వచ్చారు.

బళ్లారి, కంప్లి, గంగావతి, సింధనూరు వైపు తెలుగువారికి ఇది పరాయి ఊరు కాదు. 1953లో తుంగభద్ర డ్యాం నీళ్లు పారాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతుల మనవళ్లు, చుట్టాలొస్తే మొదట తీసుకెళ్లేది అంజనాద్రికీ పంపా సరోవరానికే. నవబృందావనానికి పుట్టిలోనో మరబోటులోనో దాటే భక్తుల్లో తెలుగు మాట వినబడని రోజుండదు. హనుమంతుడు పుట్టింది ఇక్కడి అంజనాద్రి మీద కాదు, తిరుమల కొండ మీదే అని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. అయినా ఇక్కడి మెట్ల మీద జనం తగ్గలేదు. ఆ ప్రకటన వల్ల రెండు రాష్ట్రాల పండితులకు కొన్నాళ్లు చేతినిండా పని దొరికింది, అంతే.

ఇంతమంది వచ్చేచోట రాత్రికి తల దాచుకునే చోటు కావాలి. అది హొసపేట లాడ్జి కావచ్చు, వరి పొలం మధ్య లేపిన కాటేజీలు కావచ్చు, ఊళ్లోని పాత మిద్దె ఇంట్లో మూడు గదులు కావచ్చు. చర్చంతా ఈ మూడో దాని గురించే. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉంటూ, ఖాళీగా ఉన్న గదులు అతిథులకిచ్చి, పొద్దున టిఫిన్ పెట్టి పంపే పద్ధతిని కేంద్ర పర్యాటక శాఖ 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' పేరుతో గుర్తిస్తుంది. జనం హోంస్టే అంటారు. ఆనెగుంది మిద్దెలు ఇంకో తరం నిలవడానికి కళ్లెదుట కనిపిస్తున్న దారి ఇదొక్కటే. విచిత్రమేమిటంటే తనిఖీలప్పుడు, నోటీసులప్పుడు మూడు గదుల మిద్దె ఇల్లూ, ముప్పై గదుల రిసార్టూ ఒకే గాటన పడిపోతున్నాయి.

దీని వెనుక పెద్ద కథే ఉంది. హంపి కట్టడాలకు 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆనెగుందికీ తలారిఘట్టకూ మధ్య నది మీద కడుతున్న వంతెన పుణ్యమా అని 1999లో 'ప్రమాదంలో ఉన్న' జాబితాకెక్కి, 2006లో గానీ బయటపడలేదు. ఆ వంతెన 2009లో కడుతుండగానే కూలి కూలీల ప్రాణాలు తీసింది. నడుమ 2002 చట్టంతో హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణ ప్రాధికార ఏర్పడింది. నదికి రెండు వైపులా 29 గ్రామాలు, సుమారు 236 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. ఇక్కడ ఇల్లు కట్టాలన్నా, మార్చాలన్నా, ఇంటిని వేరే పనికి వాడాలన్నా ఆ ప్రాధికార గడప తొక్కాలి.

2011 జులైలో హంపి బజారు మంటపాల్లో కాపురాలూ దుకాణాలూ పెట్టుకున్న కుటుంబాలను ఖాళీ చేయించి, వారి కట్టడాలు కూల్చేశారు. ఆ తర్వాత వంతు విరూపాపుర గడ్డిది. విదేశీ కుర్రకారు నెలల తరబడి మకాం వేసే ఆ లంక 1988 నోటిఫికేషన్ ప్రకారం రక్షిత ప్రాంతం. అక్కడి హోటళ్లు, రిసార్టులు అక్రమమన్న హైకోర్టు తీర్పును 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. మార్చి మొదటి వారంలోనే యంత్రాలు దిగాయి. ఆ తీర్పును తప్పు పట్టడానికి లేదు. రక్షిత నేల మీద కొత్తగా లేపిన గుడిసెలనూ కాంక్రీటు గదులనూ చట్టం ఎలా సహిస్తుంది? కాకపోతే కూల్చివేతతో గదులు పోయాయి గానీ గది కావలసిన మనిషి పోలేదు. కరోనా తగ్గగానే ఆ జనమంతా సాణాపుర వైపు, ఆనెగుంది వైపు మళ్లారు. పొలాల్లో మళ్లీ కాటేజీలు లేచాయి. వెనకే మళ్లీ నోటీసులు. ఈ దాగుడుమూతల్లో ఊరి నడుమ తాత కట్టిన ఇంట్లో రెండు మంచాలు వేసుకున్న మనిషి కూడా అక్రమ వ్యాపారి అయిపోయాడు.

అసలు ఈ ఇళ్లెలా ఉంటాయో తెలిస్తే తేడా అర్థమవుతుంది. రెండడుగుల మందం రాతి గోడలు, మట్టితో పేర్చినవి. వీధి వాకిలి దాటగానే పల్లంలో పశువుల కొట్టం. రెండు మూడు మెట్లెక్కితే పడసాల, కర్ర స్తంభాలు. లోపల వంటిల్లు, దేవుడి గది. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కంప, మట్టి, చౌడు. వెలుతురు కోసం మిద్దెలో ఒక గవాచి. పెద్ద కిటికీలుండవు. ఎండలు మండే సీమలో కిటికీ చిన్నదైతేనే ఇల్లు చల్లన.

ఇందులో అతిథికి గది ఎక్కణ్నుంచి వస్తుంది? చాలా ఇళ్లలో పశువులు పోయి ఖాళీ పడ్డ కొట్టం నుంచే వస్తుంది. గాటి రాళ్లు తీసి, బండలు పరిచి, గోడకు సున్నం వేస్తే చక్కటి గది తయారు. వచ్చినవాళ్లు ఆ గది ఫొటోలు తీసుకుని మురిసిపోతారు. అందులో మొన్నటిదాకా రెండు ఎద్దులు పడుకునేవని చెప్పాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం.

చిక్కంతా నీళ్లతో వస్తుంది. పూర్వం స్నానం పెరట్లో, మిగతావి ఊరి బయట. మట్టితో పేర్చిన గోడకు నీటి చుక్క తగలకుండా ఆ ఏర్పాటు సరిపోయేది. అతిథి మాత్రం గదికి ఆనుకునే స్నానాల గది అడుగుతాడు, అడగడం న్యాయమే. తెలియని మేస్త్రీ పడసాల మూలనే గోడ తొలిచి గొట్టాలు దూర్చి, పైన సిమెంటు పూసేస్తాడు. రెండేళ్లకు ఆ చెమ్మ బయటికి పోలేక గోడలోనే పైపైకి పాకి, దూలం మొనలను తినేస్తుంది. గోడ ఉబ్బుతుంది. అప్పుడు అదే మేస్త్రీ వచ్చి "ఈ పాత గోడలింతే సార్, పీకేసి పిల్లర్లు లేపుదాం" అంటాడు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పెట్టడం మరీ ఘోరం. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. వందేళ్ల దంతె మోసే బరువా అది? తెలిసినవారు పెరట్లో వేరే పునాది వేసి స్నానాల గది కడతారు. గొట్టాలు గోడ బయటే ఉంచుతారు. ట్యాంకుకు పెరట్లోనే దిమ్మె కడతారు. పూతకు గానుగ సున్నమే వాడతారు. ఖర్చెక్కువ, పని తెలిసినవాళ్లు తక్కువ. 1997 నుంచి ఆనెగుందిలో పనిచేస్తున్న కిష్కింద ట్రస్టు పాత ఇళ్లు కొన్నింటిని ఇలా బాగు చేయించి, బస ఏర్పాట్లతో నడిపి చూపించింది. అరటి నార బుట్టలల్లే పని ఆడవాళ్లకు నేర్పిందీ అదే సంస్థ. పని ఎలా చేయాలో నేర్చుకోవడానికి ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు, పక్క వీధిలోనే ఉంది.

ఇక ఏసీ ముచ్చట. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ఇళ్లలో దాని అవసరమే రాదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండకు గోడలు కాగి, రాత్రిళ్లు వేడి కక్కుతాయి. అప్పుడు ఊరివాళ్లే మిద్దె మీద పడుకుంటారు. ఆ రెండు నెలలు వ్యాపారం మూసేసి, ఇంటి మరమ్మతుకు వాడుకోవడమే తెలివైన పని.

డబ్బు సంగతి మాట్లాడకుండా వారసత్వం గురించి ఎంత చెప్పినా గాలి మాటలే. ఒక ఇంట్లో మూడు గదులున్నాయనుకుందాం. గది రోజుకు 1,500 రూపాయలు. ఏడాదిలో నూరు రాత్రులు నిండాయనుకుంటే అది మంచి ఏడాది కిందే లెక్క. వానాకాలం, ఎండాకాలం తీసేయగా మిగిలేవి శని, ఆదివారాలు, దసరా, డిసెంబరు సెలవులే. వచ్చేది నాలుగున్నర లక్షలు. సగం బుకింగులు ఆన్‌లైన్ కంపెనీల ద్వారా వచ్చి, వారు నూటికి 15 చొప్పున కోసుకున్నా 33,750 పోతుంది. ఊడ్చి, దుప్పట్లు ఉతికే మనిషికి నెలకు 8,000 చొప్పున 96,000. గదికి ఇద్దరనుకుంటే ఆరు వందల టిఫిన్లు, ఒక్కోటి అరవై రూపాయలకు 36,000. కరెంటు, గ్యాసు, సబ్బులు, ఉతుకుడు కలిపి గదికి రాత్రికి 150 వేసుకుంటే 45,000. అన్నీ పోను చేతికి మిగిలేది రెండు లక్షల నలభై వేల లోపు. నెలకు ఇరవై వేలు.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ గదులు, స్నానాల గదులు తయారు చేయడానికి ఆరు లక్షలు అప్పు తెచ్చారనుకుంటే, నూటికి 12 వడ్డీతో అయిదేళ్లకు నెల కంతు 13,300 పైచిలుకు. చేతిలో మిగిలేది ఆరున్నర వేలు. మిద్దె మట్టి, సున్నం ఖర్చు అందులోంచే తీయాలి. అయిదేళ్లు పళ్ల బిగువున లాగితే ఆరో ఏడు నుంచి ఇల్లు తన తిండి తాను తింటుంది. కోట్లు కురుస్తాయని చెప్పి మురిపించేవాళ్లను నమ్మి దిగినవాళ్లు రెండో ఏడే బోర్డు దించేస్తారు, లేదా మిద్దె పీకి పైన రెండంతస్తుల కాంక్రీటు లేపుతారు. ఆ రెండో పని జరిగిన రోజున పాత ఇల్లు పోయినట్టే, బోర్డు మీద 'హెరిటేజ్' అని ఎంత పెద్దక్షరాల్లో రాసినా.

ఆ అప్పయినా దొరుకుతుందా అంటే అక్కడో ముడి. హోంస్టేలకు ముద్ర రుణాలిస్తామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. బ్యాంకుకు వెళితే మేనేజరు లైసెన్సు అడుగుతాడు. లైసెన్సుకు వెళితే ప్రాధికార అనుమతి తెమ్మంటారు. ఆ అనుమతికి ఇంటి పత్రాలు కావాలి. ఇల్లేమో ముత్తాత పేరు మీద, వాటాలు తెగని ఆస్తి. నలుగురన్నదమ్ముల పిల్లలు నాలుగూళ్లలో. ఇంట్లో ఉంటూ మిద్దె కాపాడుతున్నవాడికి సంతకం పెట్టడానికి మిగతా ముగ్గురికీ చేతులు రావు. "రేపు వాటా అడిగితే అడ్డం తిరుగుతావేమో" అన్న అనుమానం. కట్టడాల రక్షణ మీద ఎన్ని సభలు జరిగినా ఈ అన్నదమ్ముల సంతకాల సంగతి ఎవరూ ఎత్తరు. పాత ఇళ్లను కూల్చేది వానకంటే ముందు ఇదే.

పన్నుల విషయంలో ఓ మాట చెప్పుకోవాలి. ఏడాదికి ఇరవై లక్షల లోపు రాబడి ఉన్న ఇంటికి జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అయినా ఆన్‌లైన్ కంపెనీ ద్వారా గది తీసుకుంటే ఆ కంపెనీయే అతిథి దగ్గర పన్ను వసూలు చేసి కడుతుంది. 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి అది నూటికి 5 అయింది. అంతకుముందు 12 ఉండేది. నేరుగా ఫోన్ చేసి వచ్చేవాడికి ఆ పన్నూ లేదు, ఇంటివాళ్లకు కమీషనూ పోదు. అందుకే ఒకసారి వచ్చిన కుటుంబం మళ్లీ వచ్చేటట్టు చూసుకోవడమే ఈ పనిలో అసలు లాభం.

అలా మళ్లీ రప్పించేది గది కాదు, పొద్దుటి టిఫినే. లాడ్జిలో దొరికే ఇడ్లీ, పూరీ పెడితే ఎవరికీ గుర్తుండదు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ పెడితే అనంతపురం, కర్నూలు వాళ్లు సొంతింటికొచ్చినట్టు తింటారు, హైదరాబాదువాళ్లు పేరడిగి రాసుకుంటారు. జొన్నరొట్టె, గురెళ్ల పొడి, వంకాయ ఎణ్ణెగాయి ఒక పూట పెడితే చాలు. వడ్డించే ఇల్లాలికి కన్నడం, తెలుగు రెండూ వస్తే అతిథి అరుగు మీద ఇంకో గంట కూర్చుంటాడు. సరిహద్దు ఊళ్లలో ఇంట్లో ఒక మాట, బజారులో ఒక మాట మాట్లాడి పెరిగినవాళ్లకు ఇది ఎక్కడా నేర్వని విద్య.

ఆ ఇల్లాలి గురించే ఎవరూ మాట్లాడరు. తెల్లారి నాలుగున్నరకు లేచి వేణ్నీళ్లు కాచేది ఆమె. దుప్పట్లు లెక్క చూసేది, పొద్దుపోయి వచ్చినవాళ్లకు తలుపు తీసేది ఆమె. బోర్డు మీద, బ్యాంకు పాసుబుక్కులో పేరు మాత్రం ఆయనది. పడసాలలో అత్తగారు కాళ్లు చాపుకు కూర్చునే చోటుకు ఇప్పుడు కొత్తవాళ్లు వస్తారు. చెప్పులు విప్పమని చెప్పాలి, దేవుడి గది వైపు రావద్దని చెప్పాలి, మందు సీసా తీస్తే మొహమాటం లేకుండా వద్దనాలి. కాపురం చేసే ఇల్లు సగం సత్రం అవుతుంది. దానికి ఒప్పుకునే ముందు ఇంట్లో ఆడవాళ్లను అడిగినవారెందరు? లైసెన్సు ఇల్లాలి పేరు మీద, లేదా ఇద్దరి పేరు మీద ఇవ్వాలని నిబంధన పెడితే సర్కారుకు పైసా ఖర్చు లేదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. చూడముచ్చటైన పాత మిద్దెలు ఊళ్లో ఎవరికున్నాయి? తాతలనాడు భూములూ పదవులూ ఉన్న కుటుంబాలకే. పుట్టి నడిపేవాడికి, కూలికి పోయేవాడికి చెక్కిన స్తంభాల పడసాల లేదు. కాబట్టి ఈ వ్యాపారం లాభం పాత గడపల్లోకే పోయి, మిగతావాళ్లకు ఊడ్చే పని, బరువులు మోసే పని దక్కుతుంది. చిన్న ఇల్లయినా శుభ్రమైన ఒక గది ఉంటే ఆ ఇంటికీ అనుమతి ఇవ్వాలి. 'వారసత్వం' అంటే పెద్ద వాకిలి ఒక్కటే అనుకుంటే ఊళ్లో సగం మందికి దానితో పని లేకుండా పోతుంది. అతిథి కులం అడిగి గది ఇచ్చే ఇల్లు ఎక్కడైనా ఉంటే, దాని బోర్డు దించడానికి ఏ తీర్పుకోసమూ ఆగక్కర్లేదు.

భద్రత మాట వచ్చేసరికి అందరూ గొంతు తగ్గిస్తారు. 2025 ఫిబ్రవరిలో సాణాపుర దగ్గర బండ మీదనుంచి నదిలోకి దూకిన ఒక పర్యాటకురాలు కొట్టుకుపోయారు. మార్చి 6 రాత్రి అక్కడి కాలువ గట్టున పర్యాటకుల మీద, వారికి ఆతిథ్యమిచ్చిన మహిళ మీద జరిగిన దారుణం దేశమంతా తెలిసిందే. ఒక పర్యాటకుడు కాలువలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత లైసెన్సు లేని హోంస్టేల మాట మళ్లీ పైకొచ్చింది. లైసెన్సు లేకపోతే అడగాల్సిందే. కానీ చీకటి గట్టు మీద దీపాలు, గస్తీ లేకపోవడానికి మిద్దె ఇంటి రిజిస్టరుకూ సంబంధం ఏమిటి? నిజానికి ఊరి నడుమ, ఇంటివాళ్ల కళ్లముందు ఉండే గది ఊరవతల కాటేజీ కంటే భద్రమైనది. ఏ బండ దగ్గర నీటి లాగుడు ఎక్కువో, ఏ దారిన పొద్దుగూకాక పోకూడదో చెప్పేది ఆ ఇంటి పెద్దే. అయితే ఆయన కూడా తన వంతు చేయాలి. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, పుస్తకంలో రాయాలి. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. "ఇల్లే కదా, హోటలా?" అని తేలిగ్గా తీసుకునే యజమానుల వల్లే మిగతావాళ్లందరికీ చెడ్డపేరు.

కేంద్ర పర్యాటక శాఖ పథకంలో హద్దులు స్పష్టంగా ఉన్నాయి. ఆరు గదులకు, పన్నెండు మంచాలకు మించకూడదు. యజమాని కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే ఉండాలి. ఆనెగుందికి దీనిమీద ఇంకో రెండు మూడు షరతులు కలిపితే చాలు. మిద్దె తీసి కాంక్రీటు వేయకూడదు, పైన అంతస్తు లేపకూడదు, మురుగు నదిలోకి వదలకూడదు. వీటికి ఒప్పుకున్న ఇంటికి ప్రాధికార ప్రత్యేక అనుమతి ఇవ్వాలి, మూడేళ్లకోసారి వచ్చి మిద్దె చూసుకోవాలి. ఒప్పుకోని ఇంటికి అడగ్గానే నో అనాలి. ఇల్లు మొత్తం బెంగళూరు కాంట్రాక్టరుకు లీజుకిచ్చి, తాము గంగావతిలో కాపురముంటూ హోంస్టే అని చెప్పుకునేవాళ్లను రిసార్టు కిందే లెక్కించాలి. ఈ గీత గీయనంత కాలం నిజమైన ఇంటివాడు భయంతో బతుకుతాడు, కాటేజీలవాడు ఎవరినో పట్టుకుని పని జరిపించుకుంటాడు.

డబ్బు సాయానికి ఒక దారి పుదుచ్చేరి చూపించింది. అక్కడి తమిళ వీధుల్లోనూ ఇలాగే ఇళ్లు ఒక్కొక్కటే కూలుతుంటే, 2000 దశకం మొదట్లో యూరోపియన్ యూనియన్ నిధులతో ఇన్‌టాక్ సంస్థ ముందుకొచ్చింది. వైశ్యాల్ వీధిలో ఇళ్ల ముఖభాగాలను కొంత పథకం డబ్బుతో, కొంత యజమానుల డబ్బుతో బాగు చేయించింది. 2008లో ఆ వీధికి యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం వచ్చింది. యజమాని జేబులోంచి కూడా పెట్టించడం వల్లే అది నిలిచింది. ఊరికే ఇచ్చిన సొమ్ము ఊరికే పోతుంది. అంజనాద్రి అభివృద్ధికి 2022 రాష్ట్ర బడ్జెట్‌లో 100 కోట్లు ప్రకటించారు. కొండకింద వసతి గదులకు, పార్కింగుకు, దారులకు డబ్బు కావాల్సిందే. అందులో నూరో వంతు, ఒక్క కోటి రూపాయలు, మిద్దెల మరమ్మతుకు సగం వాటాగా పెట్టి, ఇంటికి రెండు లక్షలిచ్చినా యాభై ఇళ్ల కప్పులు నిలుస్తాయి. కొండకింద కట్టబోయే గదుల మీద పడే బరువూ కొంత తగ్గుతుంది.

దీనికంతటికీ ముందు జరగాల్సిన పని మరీ చిన్నది. ఆనెగుందిలో మట్టి మిద్దె ఇళ్లు ఎన్ని ఉన్నాయి, ఎందులో మనుషులున్నారు, ఏ ఇంటి కప్పు ఈ వానలకు ఆగుతుంది, ఏది ఆగదు అన్న పట్టీ ఒకటి కావాలి. పంచాయతీ పీడీవో, ప్రాధికార నుంచి ఒక ఇంజనీరు, ఊళ్లో సున్నం పని తెలిసిన ఒక ముసలి మేస్త్రీ, ముగ్గురూ కలిసి వీధి వీధీ తిరిగితే పది రోజుల పని. వారసులు ఎక్కడున్నారో, సంతకం ఎవరిది కావాలో కూడా అందులోనే రాసేయవచ్చు. హంపి ఉత్సవాలకు, దసరా సెలవులకు జనం రావడం మొదలయ్యేలోగా ఆ పట్టీ గ్రామ సభ ముందు పెట్టి, అనుమతి అడిగే ఇళ్ల దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకుంటే సరి.